టోపీ తీసిన మాత్ర

"మా ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా ముందు టోపీ పెడతాం," అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు, బట్టలు మార్చుకునే గది గుమ్మంలో నిలబడి.

ఆ మాటకి రెండో అర్థం ఉందని పిల్లలకి తట్టడానికి కాసేపు పట్టింది. తట్టగానే గొల్లున నవ్వారు. ఫార్మసీ కాలేజీ ఆఖరి సంవత్సరం పిల్లలు వాళ్ళు. మందులు ఎలా తయారవుతాయో కళ్ళారా చూసి చేతులారా నేర్చుకోమని కాలేజీ వాళ్ళని నెల రోజుల శిక్షణకి పంపింది. శిక్షణ పూర్తయిందని ఫ్యాక్టరీ చెబితేనే పట్టా చేతికొస్తుంది. కనక మేనేజరు ఏమన్నా నవ్వాలని వాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు.

అందరికన్నా ముందు నవ్వింది మాత్రం వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన లెక్చరరు. ఏటేటా వింటున్న జోకే అయినా ఏటేటా కొత్తగా విన్నట్టు నవ్వడం ఆయనకి చేతనవును. మేనేజరు ఆయనకి సొంత అక్క భర్త. ఈ ఫ్యాక్టరీ తలుపు కాలేజీకి తెరుచుకున్నది ఆ చుట్టరికం వల్లనే. అయితే గేటు దాటాక "బావా" అనకూడదని మొదటి ఏడే కట్టడి అయింది. "ఇక్కడ బావలూ బావమరుదులూ ఎవరూ లేరు. సార్ అను చాలు," అన్నాడు బావ. బావమరిది అలాగే అంటున్నాడు. బావ మాత్రం ఆయన్ని నలుగురి ముందూ "పంతులూ" అనే పిలుస్తాడు.

"సార్, చిన్న డౌటు," అంటూ వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

ఆ అమ్మాయిని క్లాసులో అందరూ స్పీడ్‌బ్రేకర్ అంటారు. సాఫీగా పోతున్న పాఠానికి అడ్డంపడి ఒక ప్రశ్న అడిగితేగాని ఆమెకి తోచదు. ఆ చెయ్యి లేచినప్పుడల్లా లెక్చరరు గడియారం చూసుకుంటాడు.

"ట్రైనీలకి నీలం టోపీలు, క్వాలిటీ వాళ్ళకి ఆకుపచ్చవి అని గోడ మీద రాశారు కదా సార్. మాకు ఆకుపచ్చవి ఇచ్చారేంటి?"

"నీలంవి అయిపోయాయి. ఇవి మూటలకి మూటలు మూలుగుతున్నాయి, ఇచ్చాం. ఏమ్మా, నీ డ్రెస్సుకి మ్యాచింగ్ కాలేదా?"

గది మళ్ళీ నవ్వింది. లెక్చరరు మళ్ళీ అందరికన్నా ముందున్నాడు.

టోపీ, మాస్కు, మెడదాకా బొత్తాలు పెట్టుకునే తెల్ల కోటు, చెప్పుల మీద గుడ్డ సంచులు. వేషం పూర్తయ్యేసరికి ఒక్కొక్కరికీ రెండు కళ్ళు మాత్రం మిగిలాయి. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు.

తర్వాత వాళ్ళని పొడవాటి నడవలోకి తీసుకుపోయారు. ఒక పక్క గోడ, ఒక పక్క నిలువెత్తు గాజు. గాజు వెనక పొడులు కలిపే గది, తడి పొడిని ఆరబెట్టే గది, మాత్రలు కొట్టే గది. "చూడండి, ముట్టుకోకండి," అన్నాడు మేనేజరు. "మిగతాది మీ పంతులు చెబుతాడు. చెప్పడమే కదా ఆయన పని." ఆ తర్వాత ఆయన కనపడలేదు.

లెక్చరరు చెప్పాడు. మాత్రలు కొట్టే మిషను గురించి ఆయన ఇన్నేళ్ళలో చెప్పినన్ని మాటలు దాన్ని నడిపేవాడు కూడా చెప్పి ఉండడు. కాకపోతే ఆయన దాన్ని గాజుకి ఇవతలి నుంచి తప్ప చూడలేదు. కాలేజీలో ఉన్నది చేత్తో తిప్పే చిన్న మిషను. అది తుప్పుపట్టి, గుడ్డ కప్పుకుని, ప్రయోగశాల మూలన విశ్రాంతి తీసుకుంటోంది. పరీక్షలకి బయటివాళ్ళు వచ్చినప్పుడు గుడ్డ తీస్తారు. వాళ్ళు దాన్ని చూసి తలాడిస్తారు. మళ్ళీ గుడ్డ కప్పుతారు.

"పొడి గుంటలో పడుతుంది. పై నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి నొక్కుతాయి. నొక్కుడు ఎక్కువైనా, పొడి మరీ ఎండిపోయినా మాత్ర పైభాగం పెచ్చులా లేచిపోతుంది. ఏమంటారు దాన్ని?"

"క్యాపింగ్ సార్."

"మాత్ర టోపీ తీసి మీకు నమస్కారం పెట్టిందంటే..."

"మిషను ఆపేయమని అర్థం సార్!" అని మాస్కుల వెనక నుంచి అందరూ ఒక్కసారే అరిచారు.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యాహ్నం పూట నిద్రపోతున్న క్లాసుని లేపడానికి ఎప్పుడో ఆయన నోట వచ్చింది, ఉండిపోయింది. ఆయన చెప్పే మిగతా పాఠమంతా ఎవరో ఒకరు రాసిందే. ఈ ఒక్క వాక్యమే ఆయన సొంతం. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదుగాని, దాన్ని పలికేటప్పుడు మాత్రం భుజాలు కాస్త వెడల్పవుతాయి.

*

మర్నాటి నుంచి గాజు నడవతో పని లేకపోయింది. పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి అట్టపెట్టెలు మడిచి, వాటిలో మందు వివరాల కాగితం పెట్టి, మూతలు మూసే పని. రెండో గుంపుకి బెల్టు.

బెల్టు అంటే తెల్లటి పట్టీ. దాని మీద లేత గులాబీ రంగు రక్తపోటు మాత్రలు పరుచుకుని నెమ్మదిగా సాగుతుంటాయి. పైన కళ్ళు చికిలించుకునేంత వెలుగు. అటూ ఇటూ బల్లల మీద కూర్చుని, అంచు విరిగినదో, మచ్చపడినదో కనిపిస్తే రెండు వేళ్ళతో ఏరి ఎర్రమూత డబ్బాలో పడేయాలి. తల ఎత్తకూడదు. మాట్లాడకూడదు. కాసేపటికి బెల్టు ఆగి తామే వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది.

ఆ గదిని చూసుకునే ఆవిడని అందరూ బెల్టు మేడమ్ అంటారు. పిల్లలంటే ఆవిడకి ఏ కోశానా గిట్టదు.

"గోళ్ళు చూపించు. ఇవి గోళ్ళా, గరిటెలా? కత్తిరించుకు రా."

"మేడమ్, మామూలుగా ఇక్కడ ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది స్పీడ్‌బ్రేకర్.

"మా ఆడవాళ్ళు."

"వాళ్ళేరి?"

"ఇళ్ళల్లో ఉన్నారు. మీరొచ్చారుగా! ఏటా మీరొచ్చే నెల వాళ్ళని రావద్దంటారు. ఎక్స్‌పీరియెన్స్ మీకు, పస్తు వాళ్ళకి. మళ్ళీ ఒక్కరికైనా సరిగ్గా ఏరడం వచ్చా అంటే అదీ లేదు. వంచు తల."

లెక్చరరుకి బెల్టు గది బయట నడవలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పిల్లలు పారిపోకుండా చూడటానికో, తాను పారిపోకుండా ఉండటానికో తెలియదుగాని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన అందులో కూర్చున్నాడు. భోజనాల వేళ ఆ అమ్మాయి నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సార్, లోపలి మిషన్ల దగ్గరికి ఎప్పుడు వెళ్తాం?"

"వెళ్దాంలే."

"ఎప్పుడు సార్?"

చుట్టూ నలుగురు చేరడంతో ఆయనకి లేవక తప్పలేదు. మేనేజరు గదికి వెళ్ళి, పిలిచేదాకా తలుపు దగ్గర ఆగి, లోపలికి పోయి నిలబడ్డాడు.

"సార్, పిల్లలు... నెలంతా బెల్టు దగ్గరేనా అని అడుగుతున్నారు. ఒక్కో పూట ఒక్కో గదిలో కాస్త కూర్చోబెడితే..."

మేనేజరు ఫోను లోంచి తల ఎత్తలేదు. "పంతులూ, ఇన్నేళ్ళ నుంచి టాబ్లెట్ ఎలా చెయ్యాలో పాఠం చెబుతున్నావు. ఒక్క టాబ్లెట్ చేశావా నీ చేత్తో?"

"లేదు సార్."

"నీ జీతం ఆగిందా?"

"లేదు సార్."

"వాళ్ళకీ ఏమీ ఆగదు. కూర్చో, టీ తాగి వెళ్ళు."

లెక్చరరు టీ తాగి వచ్చాడు. పిల్లలకి ఆయన తెచ్చిన జవాబు అదే.

*

మూడో రోజు మధ్యాహ్నం బెల్టు మేడమ్ చేతి తొడుగుల కోసం స్టోరుకి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే పిల్లలు మాటల్లో పడ్డారు. స్పీడ్‌బ్రేకర్ మాత్రం తల వంచుకునే ఏరుతోంది. మొదట ఒక మాత్ర పైపొర లేచి కనబడింది. ఏరి డబ్బాలో వేసింది. తర్వాత రెండు. తర్వాత గుప్పెడు. రెండు చేతులా ఏరినా బెల్టు ఆమెని దాటి పోతూనే ఉంది.

"ఒరేయ్, ఇవి చూడు," అంది ఎదురుగా కూర్చున్న పొడుగోడితో.

"ఏరు. ఏరడమేగా మన పని."

"ఏరితే పోయేది కాదురా ఇది. లోపల మిషన్లోనే ఏదో తేడా వచ్చింది."

"వస్తే వాళ్ళు చూసుకుంటారు. నీదా, నీ బాబుదా ఫ్యాక్టరీ?"

ఆమె అతని వైపు ఒకసారి చూసి, బల్ల చివరన ఉన్న ఎర్ర బటన్ నొక్కింది. బెల్టు ఆగింది. గుప్పిట మూసి గదిలోంచి బయటకి వచ్చింది.

"సార్, టోపీలు తీసేస్తున్నాయి సార్," అంటూ లెక్చరరు ముందు గుప్పిట విప్పింది.

ఆయన వంగి చూశాడు. గుండ్రటి మాత్రలు ఒక పక్క, పల్చటి మూతలు ఒక పక్క. బోర్డు మీద సుద్దముక్కతో ఎన్నిసార్లు గీశాడో! నిజంగా అచ్చం అలాగే ఉంది. ఆయనకి క్షణంపాటు సంతోషం కూడా వేసింది. తర్వాత భయం వేసింది.

"మేడమ్‌ని రానీ."

"ఆవిడ వచ్చేలోపు మిషను కింద ఇంకో డబ్బా నిండుతుంది సార్."

"నిండనీ. మనకెందుకమ్మా."

ఆమె విన్నట్టు లేదు. నడవలో ముందుకి పోయి, మాత్రలు కొట్టే గది గాజు మీద వేళ్ళతో టకటకా కొట్టి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి చూపించింది. లోపల మిషను నడిపే ఆపరేటరు తల తిప్పాడు. తెల్ల కోటు, మాస్కు, ఆకుపచ్చ టోపీ. క్వాలిటీ వాళ్ళు ఆపమన్నాక ఆపకుండా ఉండటం ఆయన ఉద్యోగంలో లేదు. సరేనని చెయ్యెత్తి మిషను ఆపేశాడు.

పొద్దుటి నుంచీ చెవుల్లో నిండి ఉన్న మోత ఒక్కసారి పోయేసరికి ఫ్యాక్టరీలో అందరూ చేస్తున్న పని ఆపి తలలెత్తారు. మేనేజరు టోపీ లేకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు ఆపమన్నారు?"

"క్వాలిటీ మేడమ్ ఆపమన్నారు సార్," అన్నాడు ఆపరేటరు.

"ఏ మేడమ్?"

ఆపరేటరు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి చూపిన వైపు ఆకుపచ్చ టోపీలు గుంపుగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"మాస్కులు తియ్యండి అందరూ!"

ఆ అవసరం లేకపోయింది. పాఠంలో లేచినట్టే వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. "నేనే సార్."

"నువ్వా? మ్యాచింగ్ అమ్మాయివా?" మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. "నా ఫ్యాక్టరీలో నేను మిషను ఆపాలంటే ఇద్దరిని అడుగుతాను. నువ్వెవరు ఆపడానికి? క్వాలిటీ మేడమ్‌లా వేషాలా?"

"టోపీ మీరే ఇచ్చారు కదా సార్. ఇవి ఒకసారి చూడండి."

ఆమె చాపిన అరచేతిని ఆయన చూడలేదు. చూస్తే ఓడిపోతానన్నట్టు గోడ వైపు తిరిగాడు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. నీ ట్రైనింగ్ అయిపోయింది. పంతులూ! తీసుకుపో నీ సరుకుని."

"సార్, చిన్నపిల్ల..." అన్నాడు లెక్చరరు. ఆ తర్వాత ఆ రెండు మాటలే మరోసారి అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. సంగతి అప్పుడే చేరిపోయింది. "ఏం చేస్తారో నాకు తెలీదు. కాళ్ళు పట్టుకోండి, గడ్డం పట్టుకోండి. ఆ ఫ్యాక్టరీ పోతే మనకి ఇంకో ఫ్యాక్టరీ లేదు. మీ బావగారే కదా!"

ఫోన్ పెట్టేసేసరికి ఆ అమ్మాయి పక్కన ఉంది. మాస్కు తాడు వేలికి చుట్టుకుంటోంది.

"సార్, నాకు కింద ఇద్దరు తమ్ముళ్ళు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరి వంతు. నేను ఏడాది ఆగితే నా వంతు అయిపోయినట్టే సార్."

"నేను మాట్లాడతానుగా."

"నేను చేసింది తప్పా సార్?"

"అది తర్వాత. ముందు బస్సెక్కు," అన్నాడాయన.

*

సాయంత్రం లెక్చరరు అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క తలుపు తీస్తూనే, "ఏరా, ముఖం అలా పీక్కుపోయిందేం? కాళ్ళు కడుక్కురా, వడ్డించేస్తాను," అంది.

బావ అప్పటికే భోజనం బల్ల దగ్గర ఉన్నాడు. ఇంట్లో ఆయన మనిషి వేరు. చొక్కా లేకుండా, పొట్ట మీద తువ్వాలు వేసుకుని, ఎదురుగా కుర్చీ కాలితో జరిపి కూర్చోమన్నాడు.

"బావా, ఆ అమ్మాయి సంగతి..."

"తినేటప్పుడు ఆ పిల్ల ఊసెత్తకురా. ముద్ద దిగదు నాకు."

"ఎవరా అమ్మాయి?" అంది అక్క. విషయం విని, "పోనిద్దురూ, తెలియక చేసుంటుంది. వీడు అడగక అడగక ఒకటి అడుగుతున్నాడు. వీడి నోట్లోంచి మాట రావడమే గగనం," అంది.

"మీ తమ్ముడు నోరు తెరవడు, వాడి శిష్యురాలు నోరు మూయదు. ఇద్దర్నీ కలిపి సగం చేస్తే ఒక మనిషి తయారవుతాడు," అన్నాడు బావ.

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఎడమ చేత్తో తీసుకుని, ఎంగిలి చెయ్యి గాల్లో ఎత్తిపట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. చాలాసేపు అవతలి మనిషే మాట్లాడినట్టుంది. లోపలికి వినిపించినవి రెండు మూడు ముక్కలే. "సరే మేడమ్. సరే. అలాగే మేడమ్." ఎవరితోనైనా బావ ఇన్ని సరేలు అనగా లెక్చరరు వినలేదు.

తిరిగి వచ్చి కూర్చుని, బావ కంచంలో అన్నాన్ని అటూ ఇటూ కెలికాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం విప్పారింది.

"సరేరా. నువ్వు ఇంతగా అడుగుతున్నావు కాబట్టి రానిస్తాను. కానీ రేపు పొద్దున మీటింగులో అందరి ముందూ తప్పయిందని చెప్పాలి. చెప్పించే పూచీ నీది."

"చెప్పిస్తాను బావా. చాలా థాంక్స్ బావా."

"చూశావా, పైకి అలా ఉంటారుగాని మీ బావ మనసు మంచిదిరా," అంటూ అక్క మారు వడ్డించింది. లెక్చరరు వద్దనలేదు. ఒక పిల్ల చదువు నిలబెట్టానన్న తృప్తితో కడుపునిండా తిన్నాడు.

*

పొద్దున ఫ్యాక్టరీ గేటు లోపల, చెట్టు నీడలో ఆ అమ్మాయిని పక్కకి పిలిచాడు.

"తప్పయింది, ఇకముందు చేయను. ఈ రెండు ముక్కలే. మధ్యలో డౌట్లు వద్దు."

ఆమె ఆయన ముఖంలోకి వింతగా చూసింది. "సార్, మీకు ఎవరూ ఏమీ చెప్పలేదా?"

"నాకొకరు చెప్పేదేముంది? అంతా నేనే మాట్లాడి పెట్టాను. రాత్రంతా బతిమాలుకుంటేగాని ఒప్పుకోలేదు తెలుసా?"

ఆమె ఏదో అనబోయి మానేసింది. "సరే సార్," అంది.

మీటింగు ప్యాకింగ్ హాలులో నిలబడే జరుగుతుంది. ఆపరేటర్లు, స్టోరు వాళ్ళు, బెల్టు మేడమ్, పిల్లలు. ఆ రోజు అసలు క్వాలిటీ మేడమ్ కూడా వచ్చి ఒక పక్కన నిలబడి ఉంది. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు.

"మన ట్రైనీ మేడమ్‌గారు రెండు మాటలు చెబుతారు," అన్నాడు మేనేజరు.

ఆమె ముందుకి వచ్చింది.

"నిన్న నేను ఎవరినీ అడక్కుండా మిషను ఆపించాను. అడిగి ఆపించాల్సింది. అది నా తప్పే. కానీ నాకు ఇది సొంతంగా తోచింది కాదు. మాత్ర టోపీ తీసి నమస్కారం పెట్టిందంటే మిషను ఆపేయమని అర్థం అని మా సారు క్లాసులో చెప్పారు. ఆ మాట గుర్తొచ్చి ఆపాను."

చెప్పి, తల తిప్పి లెక్చరరు వైపు చూసింది. ఆమెతోపాటు హాలంతా చూసింది. క్వాలిటీ మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని, నవ్వు ముఖంతో ఒక అడుగు ముందుకి వేసింది.

లెక్చరరుకి ఆ నవ్వు కనపడలేదు. నలుగురిలో తనని వేలెత్తి చూపించినట్టయింది. రెండు ముక్కలంటే రెండు ముక్కలతో ఊరుకోదే ఈ పిల్ల! ప్రిన్సిపాల్ గొంతు చెవుల్లో మోగింది.

"ఏం పంతులూ, నువ్వేనా చెప్పింది?" అన్నాడు మేనేజరు చప్పున.

"అది... అది పరీక్షకి చెప్పింది సార్. క్లాసులో పిల్లలు నిద్రపోకుండా ఏదో సరదాకి. నిజంగా ఆపేయమని కాదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందు దాకా వచ్చింది. బెల్టు మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొడుగోడు పక్కవాడి భుజం మీద వాలిపోయాడు. పాపం అమ్మాయిని చూసి నవ్వుతున్నారనుకుని లెక్చరరు కూడా కాస్త నవ్వాడు. క్వాలిటీ మేడమ్ మాత్రం ముందుకి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"విన్నావుగా అమ్మా, మీ సారే అంటున్నాడు. వెళ్ళు, వెళ్ళి బెల్టు దగ్గర కూర్చో," అన్నాడు మేనేజరు. అందరూ కదిలాక లెక్చరరు వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. "ఇన్నాళ్ళకి మా వాడివనిపించుకున్నావురా. రా, ఎన్నాళ్ళని గాజులోంచి చూస్తావు? లోపలికెళ్ళి చూడు మిషనుని."

అలా లెక్చరరు జీవితంలో మొదటిసారి మాత్రలు కొట్టే గదిలో అడుగుపెట్టాడు. బావ తలుపు దాకా వచ్చి, ఫోను వస్తే వెళ్ళిపోయాడు. గదిలో ఆపరేటరూ, మిషనూ, ఆయనా మిగిలారు. గాజు లోపల మోత వేరు. కాళ్ళ కింద నేల అదురుతోంది. గాలిలో తియ్యటి పిండి వాసన. పుస్తకాల్లో ఆ వాసన సంగతి ఎక్కడా రాయలేదు.

"మీ అమ్మాయి గట్టిది సార్," అన్నాడు ఆపరేటరు, మోతని దాటి వినపడేలా. "నిన్న తను ఆపకపోతే బ్యాచంతా చెత్తబుట్టకే. పొడి మరీ ఎండిపోయింది. ఆరబెట్టే గదిలో వేడి చూసుకోలేదట ఎవరూ."

"ఎవరు చెప్పారు?"

"క్వాలిటీ మేడమ్. రాత్రి మీ బావగారికి ఫోన్ చేసి దులిపేశారట. ఆ అమ్మాయిని పంపిస్తే పై వాళ్ళ దాకా వెళ్తానన్నారట."

"రాత్రి ఎప్పుడు?"

"భోజనాల వేళ అనుకుంటాను."

లెక్చరరు మిషను వైపు చూస్తూ నిలబడ్డాడు. పళ్ళెం గిర్రున తిరుగుతోంది.

"ఆ అమ్మాయికి తెలుసా?"

"పొద్దున గేటు దగ్గరే బెల్టు మేడమ్ చెప్పేసిందిగా. అందరికీ తెలుసు సార్." ఆపరేటరు ఆగి, తల వంచి, ఆయన కళ్ళలోకి చూశాడు. "మీకు తెలీదా?"

ఆపరేటరు మర్యాద తెలిసినవాడు. మిషనులో ఏదో సరిచూసుకోవాలన్నట్టు అటు తిరిగాడు. వెనక నుంచి చూసినా ఆయన భుజాలు కదలడం తెలుస్తూనే ఉంది.

ఆ పిల్ల తనని వేలెత్తి చూపలేదు. నలుగురిలో నిలబడి ఉన్న పెద్దమనిషికి కుర్చీ తెచ్చి వేసింది. ఆయన ఆ కుర్చీని కాలితో తన్నేశాడు. హాలులో నవ్వు ఎవరి కోసమో అప్పుడు ఆయనకి బోధపడింది.

చెయ్యి చాపి, మాత్రలు జారే గొట్టం కింద పట్టాడు. అరచేతిలో నాలుగు మాత్రలు పడ్డాయి. గోరువెచ్చగా ఉన్నాయి. గోటితో గీరి చూశాడు. ఒక్కటీ విరగలేదు.

*

మధ్యాహ్నం ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని అన్నం తింటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. పక్కన ఉన్నవాళ్ళు డబ్బాలు తీసుకుని లేచి వెళ్ళిపోయారు.

"అంతా తెలిసి కూడా తప్పయిందని ఎందుకు చెప్పావు?"

"అడక్కుండా ఆపించాను కదా సార్. దానికి చెప్పాను. పైగా మీరు మాటిచ్చి వచ్చారు."

"మరి నా మాట ఎందుకెత్తావు?"

"మీటింగుకి ముందు క్వాలిటీ మేడమ్ అడిగారు, ఇది నీకు ఎవరు నేర్పారని. అందరి ముందూ చెబుతాను మేడమ్ అన్నాను." ఆమె డబ్బాకి మూత పెట్టి, గట్టిగా నొక్కి, అది సరిగ్గా పడిందో లేదో తిప్పి చూసుకుంది. గొంతులో కోపమేమీ లేదు. ఉంటే ఆయనకి కాస్త సులువుగా ఉండేది. "అది ఒక్క పరీక్షకేనని నాకు తెలీదు సార్," అంది.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కోట్లు విప్పే గదిలో క్వాలిటీ మేడమ్ ఆయన్ని ఆపింది.

"ఒక్క నిమిషం అండీ. ఆ టోపీ మాట మా వాళ్ళందరికీ నచ్చింది. పెద్ద పెద్ద బోర్డులు పెట్టినా ఎవరూ చదవరు. ఇది ఒకసారి వింటే మరిచిపోరు. మాత్రలు కొట్టే గది తలుపు మీద రాయిద్దామనుకుంటున్నాం. నిజం చెప్పండి, మీదేనా అది?"

ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగాలని లెక్చరరు ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో ఆయనకే తెలుసు. కోటు బొత్తాలు పైనుంచి కింద దాకా విప్పాడు. తొందరేమీ పడలేదు.

"నాది కాదండీ."

"ఆ అమ్మాయి మీరే అన్నారంది."

"తనదే. ఏదైనా తనకి తోస్తే మాకు అంటగడుతుంది. మంచి పిల్ల. పేరు వేయాలంటే తన పేరు వేయండి. సంతోషిస్తుంది."

మేడమ్ నమ్మింది. పొద్దున విన్నాక నమ్మకపోవడానికి కారణమేమీ లేదు. ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి తీరిగ్గా చూసింది.

"అలాగా. అయితే వీళ్ళ చదువులో మీరు చేసేదేముంది సార్?"

"హాజరు వేస్తానండీ," అన్నాడాయన, కోటు కొక్కేనికి తగిలిస్తూ.